నొప్పి లేని ఇస్కీమియా: గుండెపోటు తర్వాత స్కానింగ్‌తో దాన్ని కనిపెట్టించుకోవడం ఎలా

గుండెపోటు వచ్చి, స్టెంటు వేయించుకుని, రెండు మూడు నెలలు గడిచాక నా దగ్గరకు వచ్చేవారు అడిగే ప్రశ్నలు రెండే. "నొప్పి అసలు లేదండీ, ఇంక మళ్ళీ పరీక్షలెందుకు?" అనేది మొదటిది. "ఏడాదికోసారి స్కాన్ తీయించేసుకుంటే నిశ్చింత కదండీ?" అనేది రెండోది. అమలాపురం వైపువారైనా, నరసాపురం వైపువారైనా ఈ ప్రశ్నలు మారవు. మొదటివారు నొప్పిని మరీ ఎక్కువ నమ్ముతున్నారు, రెండోవారు యంత్రాన్ని మరీ ఎక్కువ నమ్ముతున్నారు. ఎవరికి స్కాన్ అవసరం, ఏ స్కాన్, దానికి ఎలా సిద్ధం కావాలి, చేతికి వచ్చిన రిపోర్టును ఎలా సరిచూసుకోవాలి అన్న సంగతులను ఒక్కొక్కరికీ విడిగా చెప్పడం కన్నా ఒకచోట రాసి పెట్టడం మేలనిపించింది.

సిద్ధాంతం కొంచెమే చెప్తాను. గుండె కండరానికి కావలసినంత రక్తం అందకపోవడాన్ని ఇస్కీమియా అంటారు. అలా జరిగినప్పుడు ముందుగా ఆ భాగానికి రక్తప్రవాహం తగ్గుతుంది, తర్వాత కండరం సరిగా వదులు కావడం మానేస్తుంది, ఆ తర్వాత ముడుచుకోవడం మందగిస్తుంది, అప్పుడు ఈసీజీ మారుతుంది, నొప్పి అన్నిటికన్నా చివర వస్తుంది. కొందరికి అది కూడా రాదు. చాలాకాలంగా షుగరు ఉన్నవారిలో నొప్పిని చేరవేసే నరాలే దెబ్బతిని ఉంటాయి కనుక వారిలో ఈ మూగ ఇస్కీమియా ఎక్కువగా కనిపిస్తుంది. వయసు మళ్ళినవారిలోనూ అంతే. రక్తప్రవాహాన్నీ కండరం కదలికనూ నేరుగా చూపించే స్కాన్లు నొప్పి కన్నా ముందే సంగతి పట్టుకోగలగడానికి కారణం ఈ వరుసక్రమమే.

మన ప్రాంతానికి ఇంకొక చిక్కు కూడా ఉంది. మన గోదావరి డెల్టా బల్లపరుపు నేల. ధవళేశ్వరం దిగిన తర్వాత సముద్రం దాకా ఎక్కవలసిన కొండంటూ ఏదీ తగలదు, రొయ్యల చెరువు గట్టు మీదికి కూడా మోటారు సైకిలు వెళ్ళిపోతుంది. గుండెకు పని పెట్టే ఎత్తు అంటూ ఉంటే అది కాలువ మీది వంతెన ఒక్కటే. "నాకేం ఇబ్బంది లేదండీ" అని గట్టిగా చెప్పిన పెద్దాయనను, లాకుల దగ్గర వంతెన సైకిలు మీదనే ఎక్కుతున్నారా అని అడిగితే, "లేదండీ, ఆరు నెలలుగా అక్కడ దిగి నడిపించుకుంటున్నాను" అన్నారు. ఆయన దృష్టిలో అది ఇబ్బంది కాదు, అలవాటు. మీ ఇంట్లో గుండెపోటు వచ్చినవారు ఉంటే నొప్పి ఉందా అని అడగకండి; పోయిన సంవత్సరం చేసి ఈ సంవత్సరం మానేసిన పని ఏమిటో అడగండి.

ఎవరికి అవసరం, ఎవరికి అవసరం లేదు

గుండెపోటు సమయంలో చేసిన యాంజియోగ్రాంలో ఒక నాళాన్ని తెరిచి, మిగతా నాళాల్లోని పూడికలను వదిలేసిన వారికి ఈ ప్రశ్న తప్పకుండా ఎదురవుతుంది. పోటు వచ్చిన రోజున ఆలస్యంగా చేరి, యాంజియో అసలు చేయించుకోనివారూ ఈ కోవలోకే వస్తారు. కొత్తగా ఆయాసం, కారణం లేని అలసట, నడిస్తే చెమటలు, భోజనం చేసి నడిస్తే మాత్రమే వచ్చే "గ్యాస్", ఎకోలో పంపింగ్ శాతం పడిపోవడం, గుండె లయ తప్పడం వంటివి ఉన్నా పరీక్ష అవసరమే. కొబ్బరి దింపు తీయడం, బస్తాలు మోయడం వంటి బరువు పనికి తిరిగి వెళ్ళదలచుకున్నవారు వెళ్ళే ముందే అడగడం మంచిది.

పూడికలన్నీ తెరిపించుకుని, మందులు సక్రమంగా వాడుతూ, ఎప్పటిలాగే పని చేసుకుంటున్నవారు ఏటేటా స్కాన్ తీయించుకోనవసరం లేదు. ఇది నా సొంత అభిప్రాయం మాత్రమే కాదు. స్టెంట్లు వేయించుకున్నవారిలో ప్రమాదం ఎక్కువగా ఉన్న 1,706 మందిని తీసుకుని, సగం మందికి ఏడాది తిరిగేసరికి తప్పనిసరిగా ఒత్తిడి పరీక్ష, అంటే గుండె చేత ఎక్కువ పని చేయించి చూసే పరీక్ష, చేసి, మిగతావారికి అవసరమైతేనే చేసి కొరియాలో ఒక అధ్యయనం జరిపారు. 2022లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం రెండేళ్ళ తర్వాత రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కనుక "ఊరికే చూద్దాం" అనుకుని స్కాన్‌కు వెళ్ళకండి.

సిద్ధం చేసుకోవలసినవి

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపినప్పుడు ఇచ్చిన డిశ్చార్జి కాగితం, యాంజియోగ్రాం సి.డి., వేసిన స్టెంటు వివరాల కార్డు, పాత ఎకో రిపోర్టులు, పాత ఈసీజీలు, మూత్రపిండాల పనితీరు తెలిపే, నెల రోజుల లోపు చేసిన క్రియాటినిన్ పరీక్ష, ఇప్పుడు వాడుతున్న మాత్రలన్నీ వాటి అట్టలతో సహా ఒక సంచిలో పెట్టుకోండి. మాత్రల పేర్లు చెప్పడం కన్నా అట్టలు చూపించడం మంచిది. "తెల్ల మాత్ర సగం, ఎర్ర మాత్ర ఒకటి" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ఉబ్బసం, మోకాళ్ళ నొప్పులు, పేస్‌మేకరు, గర్భం, పాలిచ్చే బిడ్డ వంటి సంగతులను ఒక కాగితం మీద రాసి ఉంచండి. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉన్నవారు, తమకు రాసిన పరీక్ష ఆ పథకం కిందికి వస్తుందో రాదో ఆసుపత్రిలోని పథకం కౌంటరు దగ్గర ముందే అడిగి తెలుసుకోవాలి.

1. ముందు ప్రశ్న తేల్చుకోండి

గుండె వైద్యుడిని మూడు సంగతులు అడగండి. చచ్చిపోయిన కండరం ఎంత, బతికి ఉండి రక్తం చాలక ఇబ్బంది పడుతున్నది ఎంత, ఆ జవాబు వస్తే నా చికిత్సలో ఏం మారుతుంది? మూడో ప్రశ్నకు "ఏమీ మారదు" అన్న జవాబు వస్తే ఆ స్కాన్ ఖర్చు దండగ. పరీక్ష రాసే చీటీ మీద కూడా "గుండె స్కాన్" అని కాకుండా, ఏ నాళం గురించి అనుమానమో రాయించుకోండి. స్కాన్ చదివే వైద్యుడికి ఆ ఒక్క వాక్యం చాలా ఉపయోగపడుతుంది.

2. మామూలు ఎకో, ఈసీజీ ముందుగా

విశ్రాంతిలో తీసే ఎకో ఇస్కీమియాను పట్టుకోదు. గుండెపోటు మిగిల్చిన నష్టాన్ని చూపిస్తుంది. చాలామంది "ఎకో బాగుందన్నారండీ" అని ఆగిపోయేది ఇక్కడే. పడుకున్న మనిషి గుండెకు ఇరుకు నాళం నుంచి వచ్చే రక్తం కూడా సరిపోతుంది, కాబట్టి ఎకో బాగానే ఉంటుంది. పోటు వచ్చిన వారంలో తీసిన ఎకోను కూడా ఆఖరి మాటగా తీసుకోకండి, ఎందుకంటే అప్పుడు దెబ్బ తిని కదలకుండా ఉన్న కండరంలో కొంత భాగం వారాల మీద తేరుకుంటుంది. 6 నుంచి 12 వారాల మధ్య మళ్ళీ తీసిన ఎకోలోని పంపింగ్ శాతమే, అంటే ఈఎఫ్, నమ్మదగినది.

3. పరీక్షను ఎంచుకోవడం

ఉత్త టి.ఎం.టి., అంటే ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ ఈసీజీ మాత్రమే తీసే పరీక్ష, గుండెపోటు వచ్చినవారిలో తరచుగా చాలదు. పాత పోటు వల్ల ఈసీజీ ముందే మారిపోయి ఉంటే కొత్త మార్పును పట్టుకోవడం కష్టం. మార్పు కనిపించినా గుండెలో ఏ భాగమో అది చెప్పలేదు. ఎడమ బండిల్ బ్రాంచ్ బ్లాక్ (గుండె ఎడమ వైపుకు విద్యుత్ సంకేతం సరిగా అందకపోవడం) ఉన్నవారిలో, పేస్‌మేకరు మీద నడిచే గుండెల్లో ఆ ఈసీజీ ఇస్కీమియా విషయంలో పనికిరాదు. అందుకే ఒత్తిడికి బొమ్మను జోడించాలి. దానికి దారులు ఇవి.

స్ట్రెస్ ఎకో: నడిపించి గానీ, డోబుటమిన్ అనే మందును సూదితో క్రమంగా పెంచుతూ ఎక్కించి గానీ గుండెను పరుగెత్తించి, ముందూ తర్వాతా కండరం కదలికను పోల్చి చూస్తారు. రేడియేషన్ లేదు, ఖర్చు తక్కువ. అయితే చూసేవారి అనుభవం మీద చాలా ఆధారపడుతుంది. లావుగా ఉన్నవారిలో, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారిలో బొమ్మ స్పష్టంగా రాదు.

న్యూక్లియర్ స్కాన్: మన దగ్గర దీన్ని ఇప్పటికీ "థాలియం స్కాన్" అంటున్నారు గానీ, ఇప్పుడు ఎక్కువగా వాడేది టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థం. ఒత్తిడిలో ఒకసారి, విశ్రాంతిలో ఒకసారి ఇంజెక్షన్ ఇచ్చి గామా కెమెరాతో బొమ్మలు తీస్తారు. మోకాళ్ళు సహకరించనివారికి, గుండె నాళాలను వెడల్పు చేసే అడినోసిన్ వంటి మందుతో చేస్తారు. రెండు భాగాలూ కలిపి సుమారు 10 మిల్లీసీవర్టుల రేడియేషన్ ఉంటుంది. గర్భిణులకు దీన్ని చేయరు.

కార్డియాక్ ఎం.ఆర్.ఐ.: చచ్చిన కండరం ఎంత మందాన ఉందో ఇంత స్పష్టంగా చూపించే పరీక్ష మరొకటి లేదు. గాడోలినియం మందు ఇచ్చిన 10, 15 నిమిషాల తర్వాత మచ్చ తెల్లగా మెరుస్తుంది. గోడ మందంలో సగానికి మించి మచ్చ పాకిన చోట నాళం తెరిచినా కదలిక తిరిగి రావడం అరుదు. అడినోసిన్‌తో చేస్తే రక్తప్రవాహమూ తెలుస్తుంది. స్టెంటు ఉంటే ఎం.ఆర్.ఐ. కుదరదన్న భయం అక్కర్లేదు, కుదురుతుంది. పేస్‌మేకరు ఉన్నవారు, మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారు ముందే చెప్పాలి.

సి.టి. యాంజియో: ఇది నాళం ఎంత ఇరుకుగా ఉందో చూపిస్తుంది, ఆ ఇరుకు వల్ల కండరానికి రక్తం తగ్గుతోందో లేదో చెప్పదు. 3 మిల్లీమీటర్ల కన్నా సన్నని స్టెంటు లోపలి భాగం దీనిలో సరిగా కనిపించదు. పోటు వచ్చి స్టెంటు వేయించుకున్న మనిషికి ఇది మొదటి ఎంపిక కాదు, కానీ ప్యాకేజీలలో దీన్నే ఎక్కువగా అంటగడుతున్నారు.

గామా కెమెరా, గుండె ఎం.ఆర్.ఐ. ప్రతి పట్నంలోనూ ఉండవు. కాకినాడ, రాజమహేంద్రవరం, ఏలూరులలో ఎక్కడ ఉందో, లేకపోతే విజయవాడ గానీ విశాఖపట్నం గానీ వెళ్ళాలో మీ వైద్యుడి ద్వారా తెలుసుకుని, ఫోన్ చేసి రోజూ చేస్తారా, వారంలో కొన్ని రోజులే చేస్తారా అడిగి బయలుదేరండి. దూరం వెళ్ళలేనివారికి దగ్గరలో అనుభవమున్న వైద్యుడు చేసే స్ట్రెస్ ఎకో, దూరాన ఎవరు చదువుతారో తెలియని న్యూక్లియర్ స్కాన్ కన్నా మేలని నా అనుభవం.

4. మాత్రల సంగతి

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. మెటోప్రోలాల్, బిసోప్రోలాల్ వంటి మాత్రలు (వీటినే బీటా బ్లాకర్లు అంటారు) గుండె వేగాన్ని పెరగనివ్వవు. అవి వేసుకుని ట్రెడ్‌మిల్ ఎక్కితే గుండె తగినంత పరుగెత్తదు, ఇస్కీమియా బయటపడదు. అందుకని జబ్బు ఉందో లేదో తేల్చడానికి చేసే పరీక్షకు ముందు వీటిని ఒకటి రెండు రోజులు ఆపమని వైద్యులు చెప్పవచ్చు. ఉన్న మందులు గుండెను కాపాడుతున్నాయా అని చూడటానికి చేసే పరీక్షకు మాత్రం మందులు వేసుకునే రావాలి. మీది ఏ రకం పరీక్షో అడిగి, ఏ మాత్ర ఏ రోజు నుంచి ఆపాలో వైద్యుడి చేత రాయించుకోండి.

హెచ్చరిక: ఈ మాత్రలను సొంతంగా ఆపకూడదు. గుండెపోటు వచ్చినవారిలో బీటా బ్లాకరును హఠాత్తుగా ఆపితే మళ్ళీ పోటు రావచ్చు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, టికాగ్రెలార్ వంటి రక్తం గడ్డకట్టనివ్వని మాత్రలను ఈ స్కాన్ల కోసం ఆపనే ఆపకూడదు. కొత్త స్టెంటు ఉన్నవారికి అది ప్రాణం మీదికి తెస్తుంది. "స్కాన్ అంటే అన్ని మాత్రలూ ఆపాలట" అని పక్కింటివారు చెప్పిన మాట విని వచ్చినవారిని నేను చూశాను.

అడినోసిన్‌తో చేసే పరీక్ష అయితే ఉబ్బసానికి వాడే థియోఫిల్లిన్ రకం మాత్రలు, మన దగ్గర డెరిఫిల్లిన్ అని అడిగి తెచ్చుకునేవి, ఆ మందు పనిని అడ్డుకుంటాయి. అంతకన్నా ముఖ్యంగా, పిల్లికూతలు వచ్చే ఉబ్బసం ఉన్నవారికి అడినోసిన్ ఇవ్వకూడదు. వారికి డోబుటమిన్ దారి చూస్తారు. షుగరుకు గ్లిమిపిరైడ్ గానీ ఇన్సులిన్ గానీ వాడుతూ పరగడుపున బయలుదేరేవారు ఆ ఉదయపు మోతాదు గురించి అడగాలి, లేకపోతే గుండె పరీక్షకు వెళ్ళి షుగరు పడిపోయి పడిపోతారు. మగవారు సిల్డెనాఫిల్ రకం మాత్రలు వాడుతుంటే సిగ్గుపడకుండా చెప్పాలి, ఎందుకంటే పరీక్షలో నాలుక కింద నైట్రేట్ మాత్ర పెట్టవలసి వస్తే ఆ రెండూ కలిసి బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది.

5. టీ, కాఫీ, తిండి

అడినోసిన్ పరీక్షకు ముందు కనీసం 12 గంటలు, కేంద్రం చెప్తే 24 గంటలు, టీ, కాఫీ, కూల్‌డ్రింకు, చాక్లెట్టు ఏవీ ముట్టకూడదు. వాటిలోని కెఫీన్ అడినోసిన్‌ను పని చేయనివ్వదు. నాళాలు తెరుచుకోవు, తేడా కనిపించదు, లేని ఆరోగ్యం ఉన్నట్టు రిపోర్టు వస్తుంది. కెఫీన్ తీసేసిన కాఫీలో కూడా కొంత ఉంటుంది. కొన్ని తలనొప్పి మాత్రల్లోనూ ఉంటుంది.

లంక గ్రామం నుంచి తెల్లవారకముందే పడవ దాటి, రావులపాలెంలో బస్సు మారి వచ్చిన ఒక దంపతుల సంగతి చెప్పాలి. భర్త పరగడుపున ఉన్నారు, మంచినీళ్ళు తప్ప ఏమీ తాగలేదని భార్య కూడా చెప్పారు. సూది పెట్టబోతుండగా నర్సు "టీ కూడా తాగలేదా?" అని విడిగా అడిగితే, "టీ ఏముందండీ, బస్టాండులో అర గ్లాసు, పాలు లేని టీయే" అన్నారాయన. ఆయన లెక్కలో టీ తిండి కాదు. ఆ రోజు పరీక్ష రద్దయింది. ఆయన కోసమని తెప్పించిన ఇంజెక్షన్ మందు వృథా అయింది, ఎందుకంటే టెక్నీషియం బలం ప్రతి 6 గంటలకూ సగమైపోతుంది, రేపటికని దాచడం కుదరదు. ఆలస్యంగా వెళ్ళినా ఇదే జరుగుతుంది. కనుక ముందు రోజు రాత్రే తోడు వచ్చేవారికి టీ సంగతి విడిగా చెప్పండి.

తిండి విషయంలో మామూలుగా 3, 4 గంటల ముందు నుంచి ఏమీ తినవద్దంటారు. మంచినీళ్ళు తాగవచ్చు. న్యూక్లియర్ స్కాన్‌లో ఇంజెక్షన్ తర్వాత కొన్ని కేంద్రాల్లో పాలు, గుడ్డు వంటివి తినమంటారు; కాలేయంలో, పేగుల్లో చేరిన మందు త్వరగా కిందికి దిగి గుండె బొమ్మ స్పష్టంగా రావడానికే అలా చేస్తారు.

6. పరీక్ష రోజు

ట్రెడ్‌మిల్ మీదికి హవాయి చెప్పులతో ఎక్కకండి. బూట్లు లేకపోతే కాలికి పట్టుకుని ఉండే పట్టీల చెప్పులు తెచ్చుకోండి. చీర కట్టుకునే ఆడవారు ఆ ఒక్క పూటకు చుడీదార్ వేసుకోవడం మంచిది, కుచ్చిళ్ళు కాళ్ళకు అడ్డుపడి నడక మధ్యలో ఆగిపోయిన పరీక్షలు చాలా ఉన్నాయి. ఛాతీకి నూనెలు, పౌడర్లు రాయకండి, ఈసీజీ పట్టీలు అంటుకోవు. ఆ ఉదయం నొప్పి గానీ, ఆయాసం గానీ, జ్వరం గానీ ఉంటే యంత్రం ఎక్కే ముందే చెప్పాలి. గుండెపోటు వచ్చిన మొదటి 2 రోజుల్లో, నొప్పి ఇంకా నిలకడ లేకుండా వస్తూ పోతూ ఉన్నప్పుడు, బృహద్ధమని కవాటం తీవ్రంగా ఇరుకై ఇబ్బందులు పడుతున్నప్పుడు ఒత్తిడి పరీక్ష చేయకూడదు.

7. యంత్రం దగ్గర

నడక పరీక్షలో సాధారణంగా ప్రతి 3 నిమిషాలకు వేగమూ వాలూ పెరుగుతాయి. మన లక్ష్యం 220 నుంచి వయసు తీసేసి, దానిలో 85 శాతం. 58 ఏళ్ళవారికి 220 నుంచి 58 పోతే 162. అందులో 85 శాతం 138. నిమిషానికి అన్నిసార్లు గుండె కొట్టుకునే దాకా నడవాలి. అలసటకు ఆగకండి, ఛాతీ బరువు, తల తిరగడం, తీవ్రమైన ఆయాసం వస్తే మాత్రం వెంటనే చెప్పండి. స్ట్రెస్ ఎకో అయితే దిగగానే ఎడమ పక్కకు పడుకోవాలి. ఒకటి ఒకటిన్నర నిమిషంలో బొమ్మలు తీసేయాలి, ఆలస్యమైతే కండరం తేరుకుని తేడా మాయమవుతుంది. న్యూక్లియర్ అయితే ఇంజెక్షన్ ఇచ్చాక కూడా సుమారు ఒక నిమిషం నడవమంటారు. "సూది పడింది కదా" అని అక్కడే ఆగిపోకండి.

అడినోసిన్ ఎక్కుతున్నప్పుడు ఛాతీ పట్టేసినట్టు, ముఖం వేడెక్కినట్టు అనిపిస్తుంది. భయపడనవసరం లేదు. మందు ఆపిన ఒకటి రెండు నిమిషాల్లో చాలావరకు తగ్గిపోతుంది, తగ్గకపోతే విరుగుడు మందు ఉంటుంది. గామా కెమెరా కింద చేతులు తల మీదికి ఎత్తి 10, 15 నిమిషాలు కదలకుండా ఉండాలి. భుజం నొప్పి ఉంటే ముందే చెప్పి దిండు పెట్టించుకోండి, మధ్యలో కదిలితే బొమ్మలో లేని లోపం పుడుతుంది. ఆ రోజు నీళ్ళు ఎక్కువగా తాగండి, చంటిపిల్లలను ఆ పూటకు ఒళ్ళో పెట్టుకోకండి.

8. రిపోర్టు చదవడం

న్యూక్లియర్ రిపోర్టులో రెండు మాటలు వెతకండి. "ఫిక్స్‌డ్" అంటే ఒత్తిడిలోనూ విశ్రాంతిలోనూ అదే చోట లోపం ఉందని, అది ఎక్కువగా పాత మచ్చ. "రివర్సిబుల్" అంటే విశ్రాంతిలో బాగుండి ఒత్తిడిలో తగ్గిందని, అదే మనం వెతుకుతున్న ఇస్కీమియా. "పాజిటివ్" అన్న ఒక్క మాట చూసి బెంబేలు పడకండి. పాత పోటు మచ్చ ఒక్కటే ఉన్నా స్కాన్ మామూలుగా లేదనే రాస్తారు. అది మీకు ముందే తెలిసిన సంగతి.

ఎంత ఇస్కీమియా అన్నది మీరే లెక్క కట్టవచ్చు. గుండెను 17 ముక్కలుగా భావించి, ఒక్కొక్క దానికి 0 నుంచి 4 వరకు మార్కులు వేస్తారు. ఇక్కడ ఎక్కువ మార్కులు చెడ్డవి. మొత్తం 68. ఒత్తిడి మార్కులను ఎస్.ఎస్.ఎస్. అని, విశ్రాంతి మార్కులను ఎస్.ఆర్.ఎస్. అని, రెండింటి తేడాను ఎస్.డి.ఎస్. అని రాస్తారు. ఒత్తిడిలో 15, విశ్రాంతిలో 8 ఉంటే తేడా 7. ఏడును 68తో భాగిస్తే సుమారు 10 శాతం. కండరంలో పదో వంతు, ఆ పైన రక్తం చాలకపోవడాన్ని వైద్యులు గట్టిగా పట్టించుకుంటారు. స్ట్రెస్ ఎకోలో అయితే కొత్తగా 3 ముక్కలు గానీ అంతకన్నా ఎక్కువ గానీ సరిగా కదలకపోవడం అదే స్థాయి హెచ్చరిక.

9. రిపోర్టును సరిచూడటం

మొదట చూడవలసింది ఫలితం కాదు, గుండె వేగం. ఒక 58 ఏళ్ళ రైతు నా దగ్గరకు "నెగెటివ్" అన్న టి.ఎం.టి. కాగితం తెచ్చారు. లోపలి పేజీలో ఆయన గుండె 112 దగ్గరే ఆగిపోయిందని ఉంది. 162లో అది 69 శాతం. ఉదయం మెటోప్రోలాల్ వేసుకున్నారు, మోకాలి నొప్పికి నాలుగు నిమిషాల్లో దిగిపోయారు. అది నెగెటివ్ కాదు, తేలని పరీక్ష. ఆ కాగితం ఇచ్చిన కేంద్రం ఆ మాట రాయలేదు, ఆయన మూడు నెలలు నిశ్చింతగా ఉన్నారు. మందుతో న్యూక్లియర్ స్కాన్ చేయిస్తే గుండె ముందు గోడలో రివర్సిబుల్ లోపం కనిపించింది. ఇటువంటి కాగితం మీ దగ్గర ఉంటే వేగం, శాతం, నడిచిన నిమిషాలు, ఆపడానికి కారణం అన్న నాలుగూ వెతకండి. అవి లేని రిపోర్టును వెనక్కి ఇచ్చి రాయించుకునే హక్కు మీకుంది.

లేని లోపం కనిపించే సందర్భాలూ ఉన్నాయి. మగవారిలో పొట్ట, డయాఫ్రం అడ్డుపడి గుండె కింది గోడ, ఆడవారిలో రొమ్ము అడ్డుపడి ముందు గోడ వెలితిగా కనిపించవచ్చు. బోర్లా పడుకోబెట్టి మళ్ళీ తీసినా, సి.టి.తో సవరించినా ఇది తేలిపోతుంది. లోపం ఉన్న చోట కండరం కదలిక మామూలుగా ఉంటే అది నీడ కావచ్చని అనుమానించాలి. ఎడమ బండిల్ బ్రాంచ్ బ్లాక్ ఉన్నవారిని నడిపించి తీస్తే మధ్య గోడలో లేని లోపం కనిపిస్తుంది. వారికి మొదటి నుంచీ అడినోసిన్‌తోనే చేయించాలి.

దీనికి తిరగబడ్డ తప్పు మరీ ప్రమాదకరమైనది. న్యూక్లియర్ స్కాన్ ఒక గోడను మరో గోడతో పోల్చి చూస్తుంది. మూడు నాళాలూ సమానంగా పూడుకుపోతే గోడలన్నీ సమానంగా వెలవెలబోతాయి, బొమ్మ బాగున్నట్టే కనిపిస్తుంది. అప్పుడు ఒత్తిడి తర్వాత గుండె గది పెద్దది కావడం, దీన్ని టి.ఐ.డి. అని రాస్తారు, ఈఎఫ్ తగ్గడం, నడకలో బీపీ పెరగడానికి బదులు పడిపోవడం వంటి గుర్తులే ఆధారం. బొమ్మలు బాగుండి ఇవి ఉంటే, "నార్మల్" అన్న మాటతో ఇంటికి రాకండి.

10. ఇస్కీమియా తేలితే

వెంటనే స్టెంటు వేయించుకోవాలని కాదు. మొదటి పని మందులు సరిచేయడం, రెండో పని వైద్యుడితో కూర్చుని మాట్లాడటం. ఈ విషయంలో అధ్యయనాలు ఒకే మాట చెప్పవు. గుండెపోటు వచ్చిన కొద్దికాలానికే మూగ ఇస్కీమియా తేలిన 201 మందిపై స్విట్జర్లాండులో జరిపిన, 2007లో వెలువడిన అధ్యయనంలో, బెలూన్ చికిత్స పొందినవారు సుమారు పదేళ్ళలో మందులు మాత్రమే వాడినవారి కన్నా మెరుగ్గా ఉన్నారు. అయితే వారికి చికిత్స చేసిన 1990లలో ఇప్పుడున్నంత విరివిగా కొవ్వు తగ్గించే స్టాటిన్లు వాడేవారు కాదు. 2020లో 5,179 మందితో వెలువడిన మరో పెద్ద అధ్యయనంలో, గట్టి ఇస్కీమియా ఉన్నా ముందే యాంజియోకు వెళ్ళినవారిలో మరణాలు, గుండెపోట్లు మొత్తంమీద తగ్గలేదు. కానీ గడచిన 2 నెలల్లో గుండెపోటు వచ్చినవారిని, ఈఎఫ్ 35 శాతానికి తక్కువ ఉన్నవారిని, ఎడమ ప్రధాన నాళంలో పూడిక ఉన్నవారిని అందులో చేర్చుకోలేదు. మీరు ఆ మూడింటిలో ఒకరైతే ఆ ఫలితం మీకు వర్తించదు. ఎవరైనా ఈ అధ్యయనాన్ని చూపించి "మందులు చాలు" అన్నా, రిపోర్టు చూపించి "రేపే స్టెంటు" అన్నా, మీ ఈఎఫ్ ఎంత, ఎన్ని శాతం ఇస్కీమియా, ఏ నాళం అన్న మూడు సంగతులు అడగండి.

ఈలోగా 10 నిమిషాలు దాటిన ఛాతీ బరువు, చెమటలతో ఆయాసం, స్పృహ తప్పడం వంటివి వస్తే స్కాన్ తేదీ కోసం ఎదురు చూడకుండా, సోడా తాగి పడుకోకుండా 108కి ఫోన్ చేయాలి.

స్కాన్ మళ్ళీ ఎప్పుడు అన్నది మీ లక్షణాలూ పని శక్తీ మారడాన్ని బట్టి ఉంటుంది, క్యాలెండరును బట్టి కాదు. మళ్ళీ తీయవలసి వస్తే అదే రకం పరీక్ష, వీలైతే అదే కేంద్రంలో చేయించండి, పాత బొమ్మలతో పోల్చినప్పుడే మార్పు తెలుస్తుంది. కాగితం రిపోర్టు ఒక్కటే కాదు, బొమ్మల సి.డి. కూడా అడిగి తీసుకోండి. లంకల్లో, ఏటిగట్టు లోపల ఉండేవారు జూలై, ఆగస్టులలో గోదావరికి వరద రాకముందే వీటిని ప్లాస్టిక్ సంచిలో చుట్టి అటక మీద పెట్టి, ప్రతి పేజీకీ ఫోన్‌లో ఫొటో తీసి పట్నంలో ఉన్న పిల్లలకు పంపించి ఉంచండి. నీళ్ళలో తడిసి ఒకదానికొకటి అతుక్కుపోయిన ఫిల్ములను విడదీసి చదవడానికి నేను రెండుసార్లు ప్రయత్నించాను, రెండుసార్లూ కుదరలేదు.